ఎనర్జీ స్టార్ స్టిక్కర్ చూసి పాత మానిటర్ కొంటున్నారా? ఆగండి

పాత సీఆర్‌టీ మానిటర్లు, అంటే గాజు ట్యూబు ఉండే డబ్బా మానిటర్లు అమ్మే ఆ పెద్దమనిషి దగ్గర దయచేసి ఎవరూ ఏమీ కొనకండి. పేరు రాయను, రాస్తే రేపు నా మీదకే ఎగురుతాడు. పాత పీసీ సామాన్లు వెతికేవాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది. ప్రతి లిస్టింగ్ కిందా "పక్కా వర్కింగ్, పవర్ సేవింగ్ ఓకే" అని ఉంటుంది. ప్రతి ఫొటోలోనూ మానిటర్ ముందువైపు మాత్రమే ఉంటుంది. వెనకవైపు ఒక్కటంటే ఒక్క ఫొటో ఉండదు.

నా దగ్గర విండోస్ 95 మిషన్ ఒకటుంది. ఎందుకుందని అడక్కండి, ఉంది, పనికొస్తోంది. దాని మానిటర్ పోయింది, ఇంకోటి కావాలి. మిషన్ పొద్దస్తమానం ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి నేను అటు పక్కకి వెళ్తే మానిటర్ తనంతట తను పడుకోవాలి. నేను అడిగింది ఆ ఒక్కటే. స్క్రీన్ సేవర్ చాలదా అంటారేమో, చాలదు. చేపలు ఈదినా పైపులు అల్లుకున్నా ట్యూబు తాగే కరెంటు తాగుతూనే ఉంటుంది. అది ఫాస్ఫర్ మీద, అంటే తెర లోపల వెలిగే పూత మీద మచ్చ పడకుండా పెట్టింది, కరెంటు బిల్లు కోసం కాదు.

ఫొటోలో కింద ఎడమ మూల ఎనర్జీ స్టార్ స్టిక్కర్ కనబడింది, కరెంటు ఆదా చేసే సామాన్లకి ఇచ్చే గుర్తు అది. "ఇది నిజంగా స్లీప్‌లోకి వెళ్తుందాండీ?" అని అడిగాను. "స్టిక్కర్ ఉంది కదా బ్రో" అన్నాడు. వెళ్తుంది అనలేదు చూడండి. మాట అంత జాగ్రత్తగా వాడే మనిషిని చూసి నాకు అప్పుడే వెలగాలి. వెలిగితే ఈ పోస్టెందుకు?

సరే, వచ్చింది. బొమ్మ బాగానే ఉంది, అందులో అబద్ధం చెప్పను. డిస్‌ప్లే ప్రాపర్టీస్‌లో స్క్రీన్ సేవర్ ట్యాబ్‌లోకి వెళ్ళి చూస్తే కింద "ఎనర్జీ సేవింగ్ ఫీచర్స్ ఆఫ్ మానిటర్" అన్న ముక్క మొత్తం బూడిద రంగులో ఉంది. లో-పవర్ స్టాండ్‌బై లేదు, షట్ ఆఫ్ మానిటర్ లేదు, ఏదీ నొక్కనివ్వదు. మానిటర్ రకం దగ్గర "అన్‌నోన్ మానిటర్" అని ఉంది. ఆయనకి మెసేజ్ పెట్టాను.

జవాబు నిమిషాల్లో వచ్చింది. అమ్మాక కూడా ఇంత బాగా పలుకుతున్నాడే అని మురిసిపోయాను కూడా. సెట్టింగ్స్ ట్యాబ్‌లో చేంజ్ డిస్‌ప్లే టైప్ నొక్కి, అక్కడ "మానిటర్ ఈజ్ ఎనర్జీ స్టార్ కంప్లయంట్" అన్న గడిలో టిక్ పెట్టమన్నాడు. అప్పటికీ కాకపోతే బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే కంప్యూటర్ సొంత సెట్టింగుల్లో) పవర్ మేనేజ్‌మెంట్‌కి వెళ్ళి, వీడియో ఆఫ్ మెథడ్ దగ్గర బ్లాంక్ స్క్రీన్ తీసేసి వి/హెచ్ సింక్ ప్లస్ బ్లాంక్ పెట్టమన్నాడు. "ఏం భయం లేదు బ్రో, అందరికీ ఇదే చెప్తా" అని చివర్లో అభయం.

ఆ టిక్ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే మోసమంతా అక్కడే ఉంది. ఆ గడిలో టిక్ పెట్టడమంటే మానిటర్‌లో ఏదో ఆన్ చేయడం కాదు. "ఈ మానిటర్‌కి పడుకోవడం వచ్చు" అని విండోస్‌కి మనం పూచీ పడటం. విండోస్ తనకి తానుగా టిక్ పెట్టలేదంటే దానికి మానిటర్ సంగతి తెలియలేదన్నమాట. ఇక పడుకోబెట్టే పద్ధతి డీపీఎంఎస్. అది వెసా (VESA) అనే వీడియో ప్రమాణాల సంస్థ 1993లో తెచ్చింది, చాలా సింపుల్. కంప్యూటర్ నుంచి మానిటర్‌కి వెళ్ళే వీజీఏ కేబుల్లో బొమ్మని లయలో ఉంచే రెండు సింక్ సిగ్నళ్ళు వెళ్తాయి, అడ్డం లైన్లకి ఒకటి, నిలువుకి ఒకటి. రెండూ ఉంటే మానిటర్ మేలుకుని ఉంటుంది. అడ్డందాన్ని ఆపితే స్టాండ్‌బై, నిలువుదాన్ని ఆపితే సస్పెండ్, రెండూ ఆపేస్తే ఆఫ్. కంప్యూటర్ సిగ్నల్ ఆపుతుంది, ఆగిన సంగతి మానిటర్ కనిపెట్టి లోపల ఒక్కో సర్క్యూటూ కట్టేసుకుంటుంది. అంటే సగం పని మానిటర్‌దే. ఆ సగం దాని డిజైన్‌లోనే లేకపోతే? కంప్యూటర్ మాత్రం సిగ్నల్ కోసేస్తుంది. మానిటర్‌కి ఏమైందో అర్థం కాదు. ఫుల్ కరెంటు మీద, సింక్ లేకుండా, లోపల అడ్డం లైన్ల వేగాన్ని నడిపే లైన్ ఆసిలేటర్ ఎటు లాగితే అటు పరిగెడుతూ ఉంటుంది.

నా దాంట్లో అదే జరిగింది. టైమ్ అయ్యాక స్క్రీన్ నల్లబడింది, కానీ పవర్ లైటు పచ్చగానే ఉంది. డీపీఎంఎస్ ఉన్నవాటిలో మామూలుగా అది నారింజ రంగుకి మారుతుంది, లేదా మిణుకుమంటుంది. పైగా లోపల్నుంచి సన్నగా కీచుమని శబ్దం. "ఏదో శబ్దం వస్తోంది బ్రో" అని పెడితే "పాతది కదా బ్రో, అలాగే ఉంటుంది, అలవాటైపోద్ది" అన్నాడు. అలవాటయ్యేంత టైమ్ అది ఇవ్వలేదు. పక్క గదిలో ఉండగా టప్‌మని వినిపించింది. వచ్చేసరికి వెనక జాలీల్లోంచి కాలిన వాసన, లైటు ఆరిపోయి ఉంది.

ఫోన్ చేశాను. ఎత్తగానే ఆ మర్యాద చూడాలి! "చెప్పండి బ్రో, ఎలా ఉన్నారు?" ఇలా మీరు చెప్పినట్టు సెట్టింగ్ పెట్టాను, మానిటర్ కాలిపోయింది అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఏదో నొక్కుతున్న టిక్కు టిక్కు చప్పుడు వినపడుతోంది. ఎవరికో మెసేజ్ పెడుతున్నాడేమో అనుకున్నాను.

"నేను చెప్పానా? ఏం చెప్పాను?"

"ఎనర్జీ స్టార్ దగ్గర టిక్ పెట్టమన్నారు, బయోస్‌లో వి/హెచ్ సింక్ పెట్టమన్నారు."

"లేదు బ్రో. నేను హార్డ్‌వేర్ మనిషిని, సెట్టింగుల జోలికే పోను. ఒకసారి చాట్ చూసుకోండి, నేను లైన్లోనే ఉంటా."

ఎంత ధీమా! చూశాను. ఆయన మెసేజ్‌లు ఒక్కటీ లేవు. వాటి చోట వరుసగా "ఈ సందేశం తొలగించబడింది", "ఈ సందేశం తొలగించబడింది". మధ్యలో నావి మాత్రం చక్కగా మిగిలాయి. "సరే బ్రో, టిక్ పెట్టాను." "బయోస్‌లో కూడా మార్చేశాను." "చాలా థాంక్స్ బ్రో." గోడకి దండం పెట్టి థాంక్స్ చెప్పుకున్న వెర్రివాడిలా ఉన్నాను ఆ చాట్‌లో. నేను ఫోన్లో మొత్తుకుంటుంటే అవతల ఆయన ఒక్కొక్కటే తుడిచేస్తున్నాడన్నమాట, ఆ టిక్కు టిక్కు అదే. తుడవడం అయ్యాకే "చాట్ చూసుకోండి" అన్నాడు.

డబ్బు పోయినందుకు ఇంత మండట్లేదు. "మీరే ఏవో సెట్టింగులు కెలికారు బ్రో, కస్టమర్ మిస్టేక్‌కి రిటర్న్ ఉండదు" అని ఎంతో ఓపిగ్గా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పి ఫోన్ పెట్టేశాడు చూడండి, అక్కడ మండింది. ఆ తర్వాత నేను బ్లాక్.

ఇప్పుడు అసలు సంగతి. మానిటర్‌ని తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. విప్పకముందే వెనక్కి తిప్పి, మోడల్ ప్లేటు మీద వేలు పెట్టాడు. తయారైన సంవత్సరం 1991. అమెరికా పర్యావరణ సంస్థ ఎనర్జీ స్టార్ మొదలుపెట్టిందే 1992లో. మొదట గుర్తు ఇచ్చింది కంప్యూటర్లకి, మానిటర్లకే. డీపీఎంఎస్ 1993. మానిటర్ తన వివరాలు కంప్యూటర్‌కి చెప్పుకునే డీడీసీ 1994. అంటే నా మానిటర్ వీటన్నిటికంటే ముందు పుట్టింది, విండోస్ అన్‌నోన్ అనడంలో వింతేమీ లేదు. మరి ఆ స్టిక్కర్ ఎక్కడిది? మెకానిక్ గోటితో మూల గీకితే లేచొచ్చింది. చుట్టూ ప్లాస్టిక్ ఎంత పసుపెక్కిందో స్టిక్కర్ కిందా అంతే పసుపు. ఫ్యాక్టరీలో వేసిందైతే కింద అసలు రంగు మిగిలి ఉండాలి. ఏ చచ్చిన మానిటర్ మీదో ఊడబీకి దీని మీద అంటించాడు.

లోపల అడ్డం లైన్లని నడిపే హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్, దాంతోపాటు ట్యూబుకి హై వోల్టేజ్ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఎల్ఓటీ కూడా పోయింది. ఆ మోడల్ ఎల్ఓటీ ఇప్పుడు దొరకదన్నాడు. నిజం చెప్పాలంటే సింక్ ఆపిన ప్రతి పాత మానిటరూ ఇలా చావదు. చాలావాటికి ఏమీ కాదు, నల్లగా ఉండి కరెంటు తాగుతుంటాయంతే. కానీ ఒకే ఫ్రీక్వెన్సీకి కట్టిన తొలినాటి వాటిల్లో కొన్నిటికి ఇది ప్రమాదమని ఆ రోజుల్లోనే తెలుసు. పాత లైనక్స్ గ్రాఫిక్స్ మాన్యువళ్ళు కూడా డీపీఎంఎస్ ఉన్న మానిటర్‌కే ఇది వాడమన్నాయి. "అందరికీ ఇదే చెప్తా" అన్న మనిషికి ఇది తెలియదంటే నేను నమ్మను.

కొనేవాళ్ళు ఒక్కటి చేయండి, మొదట వెనక ప్లేటు ఫొటో అడగండి. 1993 కంటే ముందుదైతే ముందువైపు ఏ స్టిక్కర్ ఉన్నా పవర్ సేవింగ్ మీద ఆశ పెట్టుకోకండి. తర్వాతదైనా సరే, స్లీప్‌లోకి వెళ్ళి లైటు రంగు మారేదాకా వీడియో తీయించండి, అది కూడా ఆయన చోట, ఆయన కంప్యూటర్ మీద. కాలితే ఆయన దగ్గరే కాలాలి.

ఇప్పటికే ఇలాంటిది కొనేసి ఉంటే బయోస్‌లో వీడియో ఆఫ్ మెథడ్ బ్లాంక్ స్క్రీన్ మీదే ఉంచండి, విండోస్‌లో ఆ టిక్ తీసేయండి, లేచి వెళ్ళేటప్పుడు చేత్తో స్విచ్ ఆపండి. కొంచెం కొత్త మానిటరై, లైనక్స్ కూడా ఉంటే ఈడీఐడీ, అంటే మానిటర్ తన గురించి కంప్యూటర్‌కి ఇచ్చే వివరాల పట్టీ చదివి చూడండి. స్టాండ్‌బై, సస్పెండ్, ఆఫ్‌లలో ఏవి వచ్చో అందులో మానిటరే చెప్తుంది. అది స్టిక్కర్ కంటే నయం. బీఎన్‌సీ కేబుల్ (రంగులకీ సింక్‌కీ విడివిడి వైర్లు ఉండేది) వాడుతుంటే మాత్రం ఆ వివరాలు రావు, దాన్ని చూసి కంగారుపడకండి.

అమ్మేవాడు ఏం చెప్పినా వెంటనే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, నాలాగా థాంక్స్ చెప్పి ఊరుకోకండి. నిన్న ఇంకో అకౌంట్ నుంచి చూస్తే ఆయన కొత్త లిస్టింగ్ పెట్టాడు. వేరే కంపెనీ మానిటర్, అదే ఎడమ మూల, అదే స్టిక్కర్, ఈసారి కొంచెం వంకరగా అంటించాడు. అది కొనాలనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే వెనక ఫొటో అడిగి, ఏమన్నాడో కింద రాయండి.