గన్నవరం – కడప విమానం: టికెట్టు మీద గంటా పది నిమిషాలు, గడప నుంచి గడపకు నాలుగు గంటలు

మోకాళ్ల నొప్పులతో మా అమ్మ రాత్రంతా బస్సులో కూర్చోలేదు కాబట్టి, ఆమెను కడపలోని అక్కయ్య ఇంటికి గన్నవరం నుంచి విమానంలో తీసుకువెళ్లాను. ఈ దారిన వెళ్లదలచినవారు మొదట అడిగేది దూరం, సమయం గురించే కనుక ముందుగా ఆ సంగతి చెబుతాను.

రెండు విమానాశ్రయాల మధ్య తిన్నగా కొలిస్తే సుమారు 310 కిలోమీటర్లు ఉంటుంది. రోడ్డు మీద 350 దాటుతుంది, గూడూరు, రేణిగుంటల మీదుగా వెళ్లే రైలుకు ఇంకా చుట్టు ఎక్కువ. మేము ఎక్కినది ఏటీఆర్ 72 అనే చిన్న ప్రొపెల్లర్ విమానం. దాని వేగం గంటకు దాదాపు 500 కిలోమీటర్లు కాబట్టి నలభై నిమిషాల్లో చేరాలని అనిపిస్తుంది గానీ, టికెట్టులోని సమయాన్ని విమానం నిలిచిన చోటు నుంచి కదిలినది మొదలు అవతల ఆగేవరకు లెక్కిస్తారు. పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువగా ఉంటుంది కనుక ఇంత చిన్న దూరానికి జెట్ విమానం నడిపినా పెద్దగా కలిసివచ్చేది ఏమీ ఉండదు.

అసలు సమయం నేల మీదనే పోతుంది. విజయవాడ బెంజి సర్కిల్ నుంచి గన్నవరానికి నలభై నిమిషాలు పట్టింది. గంట ముందే కౌంటరు మూసివేస్తారు కనుక ఇంకో అరగంట ముందుగా చేరుకున్నాము. ప్రయాణం గంటా పది, కడపలో సామాను అందుకుని అక్కయ్య ఇల్లు చేరడానికి మరో నలభై నిమిషాలు, వెరసి నాలుగు గంటలు. అయినా బస్సుకు పట్టే సమయంలో ఇది సగమే, పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఆ సగం చాలా విలువైనది.

ఈ విమానానికి తలుపే మెట్లుగా కిందికి తెరుచుకుంటుంది. అమ్మ కమ్మీ పట్టుకుని, ఒక్కొక్క మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి నెమ్మదిగా ఎక్కింది, సిబ్బంది ఎంతో ఓపికగా ఆమె వెనుకే నిలబడ్డారు. రెక్కలు పైన ఉండడం వల్ల కిటికీలోంచి నేల పూర్తిగా కనిపిస్తుంది. దిగబోయే ముందు లంకమల కొండలను చూసి తీరాలి. తల మీది అరలు చిన్నవి, పెద్ద చేతిపెట్టె పట్టదు. ఆవకాయ సీసాను తప్పనిసరిగా కౌంటరులో ఇచ్చే లగేజీలో వేయాలి.

చిన్న ఊళ్లకు తక్కువ ధరలో విమానాలు నడిపే కేంద్ర ప్రభుత్వ పథకం ఉడాన్ కింద 2017 ఏప్రిల్ 27న విమానాలు మొదలైన రోజునే కడప నుంచి హైదరాబాదుకు విమానం ఎగిరింది. అంతటి చరిత్ర ఉన్న ఊళ్లో, మేము దిగినప్పుడు బయట ఒక్క బస్సు కూడా లేకపోవడం, ఉన్న ఒకటి రెండు కార్లవారు నోటికి వచ్చిన ధర చెప్పడం నాకు బాధ కలిగించింది. బండిని ముందే మాట్లాడుకోవడం మంచిది.

ఈ విమానం అప్పట్లో రోజూ నడిచేది కాదు. మేము రావలసిన రోజున అది లేకపోవడంతో అక్కయ్య ఇంట్లో మరో రెండు రోజులు ఉండవలసి వచ్చింది. కాబట్టి రానూ పోనూ రెండు తేదీలూ చూసుకున్న తరువాతే టికెట్టు తీసుకోండి.