లెక్కల కిట్లు కొనబోతున్న మేష్టార్లూ, ఆగండి

మన టీచర్ల వాట్సాప్ గ్రూపులన్నింటిలోనూ పొద్దున్నే గుడ్ మార్నింగ్‌తో పాటు లెక్కల కిట్ల వీడియో పెడతాడు చూడండి, విజయనగరంలో షాపున్నాయన. పేరు రాయక్కర్లేదు, మీలో సగం మందికి తెలుసు. ఆయన దగ్గర ఏమీ కొనకండి. ఇప్పుడే ఆ షాపులోంచి బయటికొచ్చి, కాంప్లెక్స్‌లో చీపురుపల్లి బస్సు కోసం కూర్చుని ఇది టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి.

6, 7 తరగతుల కోసం 40 కిట్లు తీసుకున్నాను. ఒక్కోటి 180, మొత్తం 7,200. కొంత నాది, కొంత తోటి టీచర్లది, మిగతాది ఊళ్లో ఒక పెద్దాయన ఇచ్చారు. కిట్‌లో రాసి తుడుచుకునే అట్టలు రెండు, ఒకదాని మీద మైనస్ 10 నుంచి ప్లస్ 10 దాకా సంఖ్యారేఖ, రెండోదాని మీద గ్రాఫు గళ్లు. ఇంకా ప్లాస్టిక్ భిన్నాల పట్టీలు, మార్కరు, చిన్న డస్టరు. రోజూ నాలుగు లెక్కలు ఎక్కువ చేయించాలంటే నోటుపుస్తకాలు చాలవు, పైగా అట్ట మీదైతే తప్పు చేసినా తుడిచేసి మళ్లీ రాస్తారు, వెనక బెంచీ వాళ్లు కూడా బెదరకుండా చెయ్యి కదుపుతారు. షాపులో చూపించిన శాంపిల్ అట్ట మందంగా, నున్నగా మెరిసిపోతూ ఉంది. బడికి వచ్చిన కట్టలు విప్పితే పల్చటి అట్ట, పైన మాట్ లామినేషన్, అంటే మెరుపు లేని ప్లాస్టిక్ పొర.

లామినేషనే కదా, తేడా ఏముంది అనుకునేవాళ్ల కోసం చెప్తున్నాను. వైట్‌బోర్డు మార్కరు సిరాలో రంగు పట్టుకోకుండా జారిపోయేలా చేసే నూనెలాంటి పదార్థం కలుపుతారు. అది నున్నటి దాని మీదే పనిచేస్తుంది. మాట్ పొర గరుకుగా ఉంటుంది, రంగు అందులోకి దిగి కూర్చుంటుంది. పిల్లలు సాయంత్రం రాసింది పొద్దున్న పొడిగుడ్డతో తుడిస్తే పోలేదు. వాడిచ్చిన మార్కరుదే లోపమేమో అని మంచి కంపెనీది కొనిచ్చాను, అదీ పోలేదు. సరే అని శానిటైజర్ పెట్టి రుద్దితే పిల్లలు రాసింది పోయింది, దాంతో పాటు అచ్చు వేసిన అంకెలూ పోయాయి! అచ్చు ప్లాస్టిక్ పొర కింద ఉండాలి కదా, మహానుభావుడు పొర పైన వేయించాడు. ముందుగా పోయినవి సన్నగా ఉండే మైనస్ గుర్తులు. మైనస్ 3 కాస్తా 3 అయిపోయింది. పూర్ణసంఖ్యలు నేర్పడానికి ఇంతకన్నా గొప్ప పరికరం ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి.

భిన్నాల పట్టీల సంగతి నాకంటే ముందు 6వ తరగతి పిల్ల పట్టుకుంది. "సార్, ఒకటి బై మూడు ముక్కలు మూడు పెట్టినా ఒకటి అవ్వట్లేదు సార్" అంది. పెట్టి చూస్తే నిజమే, దాదాపు అర సెంటీమీటరు తక్కువ. పక్క బెంచీలో నాలుగు పావులు పెడితే ఒకటిని దాటి బయటికొచ్చాయి. మూడు మూడో వంతుల కన్నా నాలుగు పావులు ఎక్కువని ఒకడు నోటుపుస్తకంలో రాసేసుకున్నాడు కూడా. వాడిది తప్పని ఏ మొహం పెట్టుకుని చెప్పను? కళ్లెదురుగా కొలిచి చూసుకున్నాడు.

ఇవన్నీ సంచిలో వేసుకుని ఈ రోజు వెళ్లాను. మర్యాదగానే మాట్లాడాను. పట్టీలు కౌంటర్ మీద పేర్చి చూపించాను. ఆయన వాటి వైపు చూడనైనా లేదు, ఫోన్ చూసుకుంటూ "ఏటి మేష్టారూ, అర సెంటీమీటరుకి ఇంత దూరం వచ్చారా? గవర్నమెంటు బడి పిల్లలకే కదా, వాళ్లకి ఇదే ఎక్కువ" అన్నాడు. షాపులో ఇంకా నలుగురున్నారు. ఒకాయన నవ్వాడు కూడా. నాకు నోట మాట రాలేదు. ఈలోగా పక్కనున్న ప్రైవేటు స్కూలు మేనేజర్‌కి కౌంటర్ కిందనుంచి అట్టలు తీసి చూపిస్తున్నాడు, చూద్దును కదా, అవే! నాకు శాంపిల్‌గా చూపించిన మందపాటి నున్నటి అట్టలు. "ఇవే కదండీ నాకు చూపించింది" అంటే "అవి వేరే క్వాలిటీ, వేరే పార్టీలకి" అన్నాడు, సిగ్గూ ఎగ్గూ లేకుండా. డబ్బు తిరిగివ్వమంటే నా చీటీయే నాకు చూపించి, "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని రాసుంది కదా, లెక్కల మేష్టారైతే మాత్రం తెలుగు చదవడం రాదా?" అన్నాడు.

నిజమే, చదవలేదు. "ప్రశ్న పూర్తిగా చదివి చావండ్రా" అని రోజూ పిల్లల మీద అరిచే నేను ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాను. అది బిల్లు కూడా కాదు, పైన 'ఎస్టిమేట్' అని ఉంది, జీఎస్టీ నంబరు లేదు.

కానీ ఆ వాక్యం రాసుకున్నంత మాత్రాన వాడు తప్పించుకోలేడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకు వెనక్కి తీసుకోను, డబ్బివ్వను అనడం అక్రమ వ్యాపార పద్ధతే. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లో తీసుకోవాలి. బిల్లు ఇవ్వకపోవడమూ అదే కోవలోకి వస్తుంది. ఫోన్‌పేలో కట్టిన స్క్రీన్‌షాట్, ఆ చీటీ, అట్టల ఫొటోలు పెట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తున్నాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు.

మీరు వేరే చోట కొన్నా సరే, అట్ట మీద రాసి ఒక రాత్రి వదిలేసి పొద్దున్న పొడిగుడ్డతో తుడిచి చూడండి, మూడో వంతు పట్టీలు మూడూ వరసగా పెట్టి 'ఒకటి' పట్టీతో సరిపోతాయేమో చూడండి, శాంపిల్ మీ దగ్గరే ఉంచుకోండి, బిల్లు అడగండి. అసలు కిట్లే అక్కర్లేదనుకుంటే గ్రాఫు కాగితం మామూలు ప్లాస్టిక్ ఫైలు కవర్లో పెట్టి పైన మార్కరుతో రాయించండి, బాగానే తుడుచుకుంటుంది, పాఠం మారితే కాగితం మార్చుకోవచ్చు. మా బడిలో రేపట్నుంచి అదే.

బొబ్బిలి, రాజాం, ఆమదాలవలస వైపు వాళ్లు కూడా ఈ ఏడు ఆయన దగ్గర కొన్నారని విన్నాను. మీ అట్టలు ఎలా ఉన్నాయో, ఏ శాంపిల్ చూపించాడో రాయండి, ఫిర్యాదులో జత చేస్తాను. బస్సు వచ్చింది.