కాహిలి జింజరా, తెల్ల జింజర్ లిల్లీనా: తోటకి ఏది మేలు?

అల్లం కుటుంబంలో పూల కోసమే పెంచుకోదగ్గ అడవి మొక్కలంటే ముందు హెడీకియం జాతే గుర్తొస్తుంది. అందులో ఎక్కువమంది మనసు పడేవి రెండు: కాహిలి జింజర్, తెల్ల జింజర్ లిల్లీ. తెల్లదాన్నే బెంగాలీలు దోలన్‌చంపా అంటారు. రెండిటికీ పుట్టిల్లు హిమాలయ ప్రాంతమే.

చూపుకి కాహిలిదే పైచేయి. రెండు మీటర్ల దాకా పెరిగిన కాడ చివర పొడవాటి కంకి, దాని నిండా పసుపు పూలు, ఒక్కో పువ్వులోంచి బయటికి పొడుచుకొచ్చే ఎర్రటి కేసరం. వాసనా బాగుంటుంది, చలికీ తెల్లదానికన్నా బాగా ఆగుతుంది.

అయినా హిమాలయాలకి బయట దాన్ని నాటమని నేను చెప్పను. పువ్వు రాలాక కాయ పగిలి, నారింజ రంగు లోపలిభాగంలో ఎర్రటి గింజలు కనబడతాయి. పక్షులు వాటిని తిని అడవిలోకి మోసుకుపోతాయి. అక్కడ దుంపలు ఒకదానిమీద ఒకటి అల్లుకుని మందమైన చాపలా పరుచుకుంటే, కింద స్థానిక చెట్ల మొలకలు లేవలేవు. హవాయి, అజోర్స్ దీవుల్లోని అడవులు ఈ బాధ పడుతున్నాయి. న్యూజిలాండ్‌లో దీన్ని అమ్మడం, పెంచి పంచడం నిషేధం. ప్రపంచంలోని 100 అతి ప్రమాదకర ఆక్రమణ జాతుల జాబితాలోనూ దీని పేరుంది. ఇంత అందమైన మొక్క పుట్టినచోటు దాటగానే ఇలా మారడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

తెల్లది పూర్తిగా అమాయకురాలేం కాదు. బ్రెజిల్‌లో వాగుల వెంట, చిత్తడి నేలల్లో దట్టంగా ఆక్రమించింది. దుంప ముక్క నీళ్లలో కొట్టుకుపోయి ఎక్కడ ఆగితే అక్కడ వేరూనుతుంది. కాబట్టి కాలవ గట్టున నాటొద్దు, తవ్వి తీసిన దుంపల్ని నీటి దగ్గర పారేయొద్దు. వాగులకి దూరంగా పెద్ద కుండీలో పెంచితే దాన్ని అదుపులో ఉంచడం తేలికే. నీడ కొంచెం, తడి ఎప్పుడూ ఉండాలి. నేల ఎండితే ఆకుల అంచులు మాడతాయి.

ఇక తెల్లదాని పరిమళం. పొద్దుగూకేవేళకి అది చిక్కబడుతుంది. పొడవాటి పూగొట్టం అడుగున ఉన్న తేనె కోసం, పొడుగు తొండం ఉన్న హాక్ చిమ్మటలు చీకట్లో వస్తాయి. తాను పుట్టని క్యూబాలో ఇది జాతీయ పుష్పం అయిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

వాసనా అక్కర్లేదు, రంగు చాలనుకుంటే థాయిలాండ్ వైపు అడవి పసుపు జాతి, సియామ్ తులిప్ ఉంది. గులాబీ రేకుల్లా కనిపించేవి నిజానికి పూపత్రాలు, అంటే పూలని అంటిపెట్టుకుని ఉండే రంగు ఆకులు. వానలు లేని పొడి నెలల్లో నిద్రపోయే చిన్న మొక్క, కుండీకి సరిపోతుంది. నా ఎంపిక మాత్రం తెల్లదే, అదీ కుండీలోనే.