చెప్పుల అలమర మీది రాస్‌బెర్రీ పై: రెండేళ్ల తర్వాత

బెంగళూరు మారతహళ్లిలో మేముండే అద్దె ఇంట్లో, చెప్పుల అలమర మీద రౌటరు పక్కన పేకముక్కంత బోర్డు ఒకటి ఉంటుంది. నాలుగు జీబీల మెమరీ ఉన్న రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరు. రెండేళ్లకు పైగా నా షేర్ల ప్రోగ్రాము దాని మీదే నడుస్తోంది. ఉదయం 9:15కి మార్కెట్ తెరిచే వేళకు నేను ఔటర్ రింగ్ రోడ్డులో ఇరుక్కుని ఉంటాను. ఆర్డర్లు వేసే పని దానిది.

వేగం గురించి బెంగ వద్దు. నిమిషానికోసారి ధర చూసుకునే ప్రోగ్రాముకు ఇది చాలు. బ్యాక్‌టెస్ట్, అంటే పాత ధరల మీద ప్రోగ్రామును పరీక్షించే పని, మాత్రం దీనికి అప్పగించకండి. లాప్‌టాప్‌లో టీ కాగేలోపు ముగిసేది, ఇక్కడ వండుకుని తిని గిన్నెలు కడిగినా తెమలదు.

ప్రోగ్రామును దానికి కావలసినవాటితో సహా ఒక పెట్టెలో కట్టి నడిపే డాకర్‌తో మొదటి రోజే తిప్పలు. ఇంటెల్ లాప్‌టాప్‌లో తయారుచేసిన ఇమేజ్ (ఆ కట్టిన మూట) ఇక్కడ లేవనే లేదు. ఇది ఆర్మ్ ప్రాసెసర్, దానికి విడిగా తయారుచేయాలి. మర్నాడు ఇంకొకటి: కంటెయినర్ (నడుస్తున్న ఆ పెట్టె) గడియారం యూటీసీలో, అంటే మన సమయానికి ఐదున్నర గంటలు వెనక ఉంది. 9:15కి మేలుకోవలసిన ప్రోగ్రాము మధ్యాహ్నం 2:45కి మేలుకుంది!

వీటిని ఒక పూటలో సరిచేశాను. నన్ను ఏడిపించింది కరెంటు. ఒక ఉదయం 8:20కి పోయి తొమ్మిదికి వచ్చింది. రాస్‌బెర్రీ పై 4లో బ్యాటరీ గడియారం లేదు. ఇంటర్నెట్ అందేదాకా ఆగిపోయిన సమయం నుంచే లెక్క మొదలుపెడుతుంది. నెట్ రాగానే, గడియారం ఇంకా సర్దుకోకముందే ప్రోగ్రాము లాగిన్‌కు వెళ్లింది. సమయాన్ని బట్టి ముప్పై సెకన్లకోసారి మారే ఓటీపీని నలభై నిమిషాల పాత సమయంతో లెక్కగట్టి మూడుసార్లు పంపింది. బ్రోకరు ఖాతాకు తాళం వేశాడు. తప్పు నాదే, తిట్టింది మాత్రం అతన్ని.

ఆ శనివారమే ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్.పి. రోడ్డుకు వెళ్లి, బ్యాటరీతో నడిచే డీఎస్3231 గడియారం ముక్క కొన్నాను. సమయం సరిపోల్చుకున్నాకే డాకర్ మొదలవ్వాలని షరతు కూడా పెట్టాను. రాస్‌బెర్రీ పై 5 కొనేవారికి గడియారం బోర్డులోనే ఉంటుంది, బ్యాటరీ ఒక్కటి వేరే తెచ్చుకోవాలి.

ఏడో నెలలో ఎస్‌డీ కార్డు పాడైపోయింది. డాకర్ లాగ్‌లకు (ప్రోగ్రాము ఎప్పుడేం చేసిందో రాసుకునే ఫైళ్లకు) మనం హద్దు పెట్టకపోతే అవి పెరుగుతూనే ఉంటాయి; నేను పెట్టలేదు. ఇప్పుడు లాగ్‌లకు పది ఎంబీల పరిమితి, డేటాకు కార్డు బదులు యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ డిస్కు. ఫోను చార్జరుతో ఎస్‌ఎస్‌డీ మధ్యలో మాయమయ్యేది. 5 వోల్టుల, 3 ఆంపియర్ల అడాప్టరు పెట్టాక ఆ గొడవ లేదు.

రౌటరుకూ దీనికీ కలిపి చిన్న యూపీఎస్ పెట్టాక, ఈ ఏడాది ఆగింది ఒక్కసారే. మా అబ్బాయి స్కూలు బూట్లు లాగినప్పుడు.