అల్కలానా, రెడోండోనా? ఇంకు బొమ్మలు నేర్చుకునేవాళ్లు ముందు ఎవరి పేజీ పట్టుకోవాలి

ఈ మధ్య నన్ను ఆరేడుగురు అడిగారు ఇదే ప్రశ్న. పాళీతో బొమ్మలు వేయడం మొదలుపెట్టాం, ఫిలిప్పీన్స్ కామిక్స్ ఆర్టిస్టుల పేజీలు చూసి మతిపోయింది, కాపీ చేసి నేర్చుకోవాలంటే అల్‌ఫ్రెడో అల్కలా దగ్గర మొదలుపెట్టాలా, నెస్టర్ రెడోండో దగ్గరా అని. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే ఒకేసారి రాసేస్తే నయం. ఈ వేసవి అంతా నేను ఆ ఇద్దరి పేజీలూ పక్కపక్కన పెట్టుకుని కాపీ చేశాను, ఆ పని ఇంకా వేళ్లలో ఉండగానే రాస్తున్నాను.

ముందు ఒక మాట. వీళ్లిద్దరూ ఒకే తరం, ఒకే బజారులో పెరిగినవాళ్లు. యుద్ధం అయిపోయాక మనీలాలో కామిక్స్ పత్రికలు వారం వారం వచ్చిపడేవి, వాటి మీదే ఇద్దరికీ పేరు వచ్చింది. 1963లో తోటి ఆర్టిస్టులతో కలిసి క్రాఫ్ అని సొంత ప్రచురణ సంస్థ పెట్టుకున్నప్పుడు ఇద్దరూ అందులో ఉన్నారు. 1970ల మొదట్లో అమెరికా నుంచి డీసీ అనే కామిక్స్ కంపెనీ పెద్దలు ఆర్టిస్టుల కోసం మనీలా దాకా వచ్చాక ఇద్దరికీ అక్కడి పని దొరికింది. కాబట్టి ఎవరు గొప్ప అని తగువు పడాల్సిన పనిలేదు. ఎవరి దగ్గర మన చెయ్యి త్వరగా బాగుపడుతుంది అన్నదే లెక్క.

రెడోండో సంగతి ముందు చెబుతాను, ఎక్కువమంది మొగ్గేది ఆయన వైపే. 1928లో పుట్టారు, ఆర్కిటెక్చర్ చదువు మధ్యలో వదిలి బొమ్మల్లోకి వచ్చారు. రచయిత మార్స్ రవెలో సృష్టించిన సూపర్ హీరోయిన్ డార్నా 1950లో పత్రికలోకి వచ్చినప్పుడు బొమ్మలు ఈయనవే. డార్నా అంటే ఫిలిప్పీన్స్‌లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. తర్వాత డీసీకి స్వాంప్ థింగ్ అనే బురద రాక్షసుడి కామిక్ 11వ సంచిక నుంచి 23 దాకా, 1974-75లో రీమా అనే అడవిపిల్ల కథ ఏడు సంచికలు వేశారు. మనిషి ఒళ్లు గీయడంలో ఆయనకి తిరుగులేదు. నిలబడినా, వంగినా, చెట్టు కొమ్మ పట్టుకుని వేలాడినా బరువు ఎక్కడ పడుతోందో అక్కడే పడుతుంది. రీమా జుట్టు చూడండి, అది దాదాపు ఖాళీ కాగితమే. చివర్ల దగ్గర నాలుగు గీతలు, వెనక అడవి నల్లగా, అంతే, తల మీద వెలుగు పడ్డట్టు కనిపిస్తుంది. ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి అది.

కష్టం కూడా అక్కడే ఉంది. ఆయన ఆపేసిన చోటు మనకి కనిపిస్తుంది కానీ ఎందుకు ఆపారో కనిపించదు. నేను రీమా ముఖం ఒకటి పదిసార్లు వేశాను. గీతకి గీత దించాను, పక్కన పెట్టి చూస్తే తేడా ఏమీ లేదు. మర్నాడు అదే పద్ధతిలో మా అక్క కూతురి ముఖం వేద్దామని కూర్చుంటే చెయ్యి కదల్లేదు. కాపీ కుదిరింది కానీ పాఠం రాలేదు. అనాటమీ బాగా వచ్చినవాళ్లకి ఈ ఇబ్బంది ఉండకపోవచ్చు, కింద ఉన్న నిర్మాణం వాళ్లకి ముందే తెలుసు కాబట్టి. ఇంకా ఆ దశకి రానివాళ్ల గురించే నా బెంగంతా.

ఇక అల్కలా. 1925లో నెగ్రోస్ దీవిలోని తాలిసాయ్‌లో పుట్టారు. బడి మధ్యలో మానేసి బోర్డులు రాశారు, తర్వాత ఇనుప పని చేసే కొట్టులో దీపాలకీ ఫర్నిచర్‌కీ నమూనాలు గీశారు. జపాన్ సైన్యం దేశాన్ని ఆక్రమించుకున్న రోజుల్లో సైకిలు మీద వాళ్ల శిబిరాల పక్కనుంచి వెళ్తూ ఏది ఎక్కడుందో చూసుకుని, ఇంటికొచ్చి జ్ఞాపకం నుంచే గీసి అమెరికన్లకి అందేలా చూశారు. పట్టుబడితే ప్రాణం పోయే పని అది. 1948లో మొదటిసారి కామిక్స్‌లో ఆయన బొమ్మ అచ్చయింది, 1963లో సొంత వీరుడు వోల్టార్‌ని మొదలుపెట్టారు. అంత పని మీద పడినా అసిస్టెంటుని పెట్టుకోలేదు. వేరేవాళ్ల చెయ్యి పడితే అది నా బొమ్మ కాదు అన్నది ఆయన పట్టుదల. వేగం కోసం ఇంకు నింపుకునే కుంచె ఒకటి సొంతంగా తయారు చేసుకున్నారు, మాటిమాటికీ సీసాలో ముంచే పని లేకుండా. 1976లో అమెరికా వెళ్లిపోయి, 2000లో అక్కడే కన్నుమూశారు.

నా దృష్టిలో ఈ ప్రశ్నని తేల్చేది ఒక్కటే, గీత ఎటు తిరుగుతోంది అన్నది. పక్కపక్కన గీతలు కొట్టి నీడ తెప్పించడాన్ని హ్యాచింగ్ అంటారు. మొదట్లో మనందరం దాన్ని నలుపు చేయడం అనుకుంటాం, నీడ ఎక్కువ కావాలంటే గీతలు ఎక్కువ కొట్టేస్తాం. అల్కలా పేజీలో గీతలు లెక్కలేనన్ని ఉంటాయి కానీ ఒక్కటి కూడా ఊరికే ఉండదు, ప్రతిదీ ఆ వస్తువు చుట్టూ తిరుగుతుంది, బొంగరానికి తాడు చుట్టినట్టు. అమెరికన్ కామిక్స్‌లో తరచూ ఒకరు పెన్సిల్‌తో బొమ్మ వేస్తే ఇంకొకరు దాని మీద ఇంకు చేస్తారు. కోనన్ అనే కత్తివీరుడి పత్రిక సావేజ్ సోర్డ్ ఆఫ్ కోనన్‌లో జాన్ బుసెమా పెన్సిల్ మీద అల్కలా ఇంకు చేసిన పేజీలు తీయండి. ఒక ముంజేయి మీద కన్ను నిలపండి. మణికట్టు దగ్గర గీతలు చిన్న చిన్న వంపులు, కండ ఉబ్బిన చోట వంపు వెడల్పవుతుంది, నీడవైపు రెండో పొర, ఇంకా లోపలికి మూడో పొర. అంతా నల్లబడిపోయింది అనుకునేసరికి అవతలి అంచున సన్నటి తెల్ల పట్టీ వదిలేసి ఉంటుంది. ఆ పట్టీ వల్లే చెయ్యి గుండ్రంగా వెనక్కి తిరుగుతుంది. నేను ఆ చేతిని మొదట తిన్నని గీతలతో దించాను, పిండిన గుడ్డలా వచ్చింది. అవే గీతల్ని, అన్నే గీతల్ని, వంపు తిప్పి వేశాక కండ లేచింది. ఆ సాయంత్రమే డాబా మీద నీళ్ల ట్యాంకు బొమ్మ వేశాను, అదీ గుండ్రంగా వచ్చింది. కాపీ చేసినది వేరే బొమ్మలో పనికొచ్చింది చూశారా, నేను అల్కలా వైపు మొగ్గడానికి కారణం ఇదే. ఇనుము వంచే చోట పనిచేసిన మనిషికి వంపు మీద వెలుగు ఎలా జారుతుందో వేరే చెప్పక్కర్లేదు అని నాకు అనిపిస్తుంది, ఇది నా ఊహే.

అల్కలా ఇంకు కింద బుసెమా కనిపించకుండా పోయారని కొందరు అభిమానులు అంటారు, అందులో నిజం ఉంది. పెన్సిల్ వేసినవాళ్ల మనసు నిలబెట్టడం నేర్చుకోవాలంటే ఆయన మంచి గురువు కాదు. మనం మాత్రం ఇక్కడ గీత నేర్చుకోవడానికి వచ్చాం.

ఇంకో లాభం, సావేజ్ సోర్డ్ నలుపు తెలుపు పత్రిక. గీత గీతగానే కనబడుతుంది. రెడోండో స్వాంప్ థింగ్, రీమా రంగుల్లో, నాసిరకం కాగితం మీద అచ్చయ్యాయి, సన్నగీతలు రంగు కింద మునిగిపోయాయి. ఆయన్ని కాపీ చేయాలంటే ఒరిజినల్ పేజీల స్కాన్లు వెతుక్కోండి, అచ్చు పేజీ చూసి ఆయన చెయ్యి ఇంతే అనుకోకండి. ఇద్దరినీ ఒకే పాత్ర మీద చూడాలంటే 1980ల చివర్లో అల్కలా ఇంకు చేసిన స్వాంప్ థింగ్ సంచికలు ఉన్నాయి. రెడోండోది బురదలోంచి లేచిన మనిషి. అల్కలాది మనిషి ఆకారంలో పేరుకున్న వేర్లు, నాచు.

ఫిలిప్పీన్స్ ఆర్టిస్టే అయిన అలెక్స్ నిన్యో గురించి కూడా అడిగారు. అద్భుతం, కానీ ఆయన ఊహ ఆయనదే, కాపీ చేస్తే మనకి మిగిలేది కొద్ది. అక్కడివాడే అయిన టోనీ డిజునిగా కుంచెపని బాగుంటుంది, ఆయన వేసిన కౌబాయ్ కామిక్ జోనా హెక్స్ చూడండి, పాళీ నేర్చుకునేవాళ్లకి అంత అవసరం లేదు.

కొలత విషయం మాత్రం మర్చిపోవద్దు. ఆ రోజుల్లో అమెరికన్ కామిక్ పేజీ సుమారు 10 × 15 అంగుళాల్లో గీసేవాళ్లు, అచ్చులో అది మూడింట రెండొంతులకి తగ్గేది. అచ్చు సైజులోనే దించితే గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి మీకే విసుగొస్తుంది. ఏ3 కాగితం తీసుకోండి, ప్యానెల్‌ని, అంటే పేజీలోని ఒక్కో బొమ్మ గడిని, పెద్దది చేసుకోండి.

డిగ్రీ చదువుతున్న ఒక చెల్లి రాసింది, పరీక్షల టెన్షన్‌లో వారానికి గంట కంటే కుదరదు అక్కా, ఏం చేయమంటారు అని. పేజీ మొత్తం వద్దమ్మా. అల్కలా పేజీలోంచి ఒక్క చెయ్యి, అదే చెయ్యి, నాలుగు వారాలు వెయ్యి. అయిదో వారం పేజీ మూసేసి నీ ఎడమచెయ్యి చూసుకుంటూ వెయ్యి. అది కుదిరాక రీమా తియ్యి, ఆ జుట్టులో ఖాళీ ఎందుకు వదిలారో అప్పుడు నీకే కనిపిస్తుంది.