పాత జావా, యెజ్డీ సామాను: కంపెనీ డబ్బాయా, కాపీయా, తుక్కు బండా, లేతు పనా – ఏది మేలు?

ఈ మోటారు సైకిళ్లు తయారుచేసిన మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఇప్పుడు షోరూముల్లో అవే పేర్లతో ఉన్నవి ఫోర్ స్ట్రోక్, లిక్విడ్ కూల్డ్ బళ్లు. వాటి ఇంజన్ సామాను పాత టూ స్ట్రోక్ బండికి పనికిరాదు. అందుకే పాత 250 సీసీ బండిని విప్పి కూర్చున్నవాళ్లందరూ ఒకటే అడుగుతారు: ఎక్కడో అమ్ముడుకాకుండా మిగిలిన కంపెనీ డబ్బా (ఫ్యాక్టరీ నాటి అసలు పార్టు) వెతకాలా, ఇప్పుడు తయారయ్యే కాపీ కొనాలా, తుక్కు బండి కొని పీక్కోవాలా, లేక ఉన్నదాన్నే లేతు మీద బాగుచేయించాలా?

బండి మొత్తానికి ఒకే జవాబు లేదు. చేతిలో ఉన్న పార్టు రబ్బరా, ఇనుమా అన్నది ముందు చూడాలి. ఇనుమై, అరుగుదల కొలిచి సరిచేయగలిగేదైతే మన గోదావరి జిల్లాల్లో లేతు పనే మేలు. రబ్బరైతే కొత్తదే, పాత డబ్బా వైపు చూడకూడదు.

ఈ రెండో మాట చాలామందికి మింగుడుపడదు. ముప్పై ఏళ్లనాటి సీలు ప్యాకెట్ మీద కంపెనీ ముద్ర కనబడితే ఎంతైనా పెట్టి కొనేస్తారు. ప్యాకెట్లో ఉన్నా రబ్బరు వయసు ఆగదు. ఆయిల్ సీలు అంచు గట్టిపడి, షాఫ్టును పట్టుకోవడం మానేస్తుంది. టూ స్ట్రోక్‌లో క్రాంకు (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు) ఉండే గదిలోకి బయటి గాలి చొరబడకూడదు. క్లచ్ వైపు సీలు పోతే గేరాయిలు లోపలికి లాగి తెల్లటి పొగ వస్తుంది, గేరాయిలు తగ్గిపోతుంది. డైనమో వైపుది పోతే ఇంకా ప్రమాదం. పొగ ఉండదు, గాలి మాత్రం ఎక్కువ చేరి, దానితో పోలిస్తే పెట్రోలు వాటా తగ్గిపోతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ వేగం వెంటనే దిగదు. ఆ గుర్తు పట్టించుకోకుండా తోలితే వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. పాత సీలు మీద లోపలి కొలత, బయటి కొలత, మందం వరసగా అచ్చేసి ఉంటాయి. ఆ మూడూ రాసుకుని సీళ్ల కొట్లో స్ప్రింగు ఉన్న విటాన్ (వేడికీ, పెట్రోలుకీ ఆగే రబ్బరు) సీలు అడగండి. పెట్రోలు ట్యాపు వాషర్లకీ, పైపుకీ ఇదే మాట. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, దానికి పాత రబ్బరు ఆగదు. స్పార్కుకు అవసరమైన కండెన్సరు పాతదైతే అది కూడా డబ్బాలోనే చచ్చిపోయి ఉండవచ్చు.

బేరింగులకు బైకు సామాను కొట్టుకే వెళ్లక్కర్లేదు. బయటి రింగు మీద నంబరు చెక్కి ఉంటుంది. రైసుమిల్లులకీ, చెరువుల ఏరేటర్లకీ బేరింగులమ్మే కొట్లు భీమవరంలోనూ రాజమండ్రిలోనూ ఉన్నాయి. అదే నంబరు మంచి కంపెనీది అక్కడ కొనండి. క్రాంకుకు మాత్రం నంబరు చివర సీ3 (లోపల ఖాళీ కాస్త ఎక్కువుండే రకం) ఉన్నదే తీసుకోవాలి. బిగుతుగా కూర్చుని, వేడెక్కి వ్యాకోచించాక మామూలు బేరింగులో ఖాళీ మిగలదు. ఇంజన్ కేసును 100 డిగ్రీల దాకా వేడిచేస్తే బేరింగు దానంతటదే జారి కూర్చుంటుంది. సుత్తితో కొడితే మొదటిరోజే గోలీల దారిలో గుంటలు పడతాయి.

ఇక లేతు పని. క్రాంకును ప్రెస్సు మీద విడదీసి, కొత్త కనెక్టింగ్ రాడ్డు, పిన్ను, రోలర్లు వేసి మళ్లీ బిగిస్తారు. తేడా పడేది ఇక్కడే. రెండు సెంటర్ల మధ్య తిప్పి డయల్ గేజీ పెట్టి చూపించమనండి. రెండు చివర్లలోనూ ఊగు 0.03 మి.మీ. లోపలే ఉండాలి. కంటితో చూసి "బాగానే ఉంది" అనే షాపుకు ఇవ్వకండి. బోరింగ్‌కు ముందే పిస్టన్ కొనాలి. స్టాండర్డ్ బోరు 65 మి.మీ.; పైసైజు (ఓవర్‌సైజు) పిస్టన్ దొరికాక దాన్ని మైక్రోమీటరుతో కొలిచి, ఆ కొలత మీద పిస్టన్ ఆడేందుకు కావలసిన ఖాళీ ఉంచి బోరు చేయించాలి. బోరు అయ్యాక పోర్టుల (సిలిండర్ గోడలోని కంతల) అంచుల పదును తీయించకపోతే రింగు అక్కడ తగులుకుని విరుగుతుంది. ఇలా చేసిన పాత సిలిండర్‌ను, ఎవరు పోత పోశారో తెలియని కొత్త సిలిండర్ కన్నా నేను ఎక్కువ నమ్ముతాను.

కాపీ సామానులో కేబుళ్లు, గ్రిప్పులు, ఫుట్‌రెస్టు రబ్బర్లు, గాస్కెట్లు వేసుకోవచ్చు. గేర్లు, కిక్కు పళ్లు మాత్రం పరీక్షించకుండా వద్దు. కనబడని చోట ఆకురాయి ఒకసారి నడపండి: జారిపోతే గట్టి ఉక్కు, కొరికితే మెత్తది. మెత్తది కొన్ని నెలలకే పళ్లు గుండ్రంగా అరిగి కిక్కు జారుతుంది. కొత్త రిమ్ముల మెరుపు చూసి మోసపోవద్దు. తుప్పును ఆపేది క్రోమ్ కింద ఉండే నికెల్ పొర. అది పలచగా ఉంటే నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఒక్క వర్షాకాలం కూడా ఆగదు. పాత రిమ్ము వంకర లేకుండా, లోతుగా తినేయకుండా ఉంటే మందంగా నికెల్ వేయించి మళ్లీ క్రోమ్ చేయించడమే నయం.

తుక్కు బండి చివరి దారి. గేరుబాక్సు, మడ్‌గార్డు, కార్బురేటర్ బాడీ లాంటివి ఇంకెక్కడా దొరకనప్పుడే. లంక గ్రామాల్లో వరదనీట మునిగిన బండి బయటికి శుభ్రంగా కనబడినా లోపల బేరింగులూ గేర్లూ గుంటలు పడి ఉంటాయి. డ్రెయిన్ బోల్టు విప్పితే ఆయిలు పాలలా తెల్లగా వచ్చిందా, తీసుకోకండి. మెట్ట ప్రాంతపు బండి అయితే మంచిది. కేసు కొంటే రెండు సగాలూ ఒక జతవే కొనాలి. జత మారితే బేరింగు గూళ్లు ఒక వరసలోకి రావు. ఆ కేసు మీద ఇంజన్ నంబరు ఉంటుంది కాబట్టి అమ్మినవారి ఆర్సీ కాగితాలు తీసుకుని, మీ ఆర్సీలో మార్పు రాయించాకే బండి రోడ్డెక్కించండి.