మూడేళ్లు పైపెర్ఫ్ వాడాక: కాటా మంచిదే, రాళ్లు చూసుకోండి

పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌లో (పైథాన్ కోడ్‌ను నడిపే ప్రోగ్రాంలో) ఏదో మార్చి "8 శాతం వేగం పెరిగింది" అంటే నేనడిగే మొదటి ప్రశ్న: పైథాన్‌తోపాటే వచ్చే టైమిట్‌తో కొలిచారా, విడిగా వేసుకునే పైపెర్ఫ్‌తోనా? రెండూ కోడ్ వేగం కొలిచే సాధనాలే. టైమిట్ ఒకే ప్రాసెస్‌లో ఐదుసార్లు కొలిచి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకె చూపిస్తుంది. మా నెల్లూరు వైపు రొయ్యల చెరువులో మేత పడే మూలే వల విసిరి కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో) చెబితే కొనేవాడు ఒప్పుకోడు, నాలుగు మూలలా విసరమంటాడు. పైపెర్ఫ్ చేసేది అదే. 20 ప్రాసెస్‌లు విడివిడిగా లేపి, ఒక్కోదాంట్లో వార్మప్‌గా నడిపిన మొదటి కొలత ఒకటి వదిలేసి మూడు కొలతలు తీస్తుంది. మొత్తం 60. ఒక్కో కొలత కనీసం 100 మిల్లీసెకన్లు పట్టేలా లూపులు తనే సర్దుకుంటుంది. ప్రాసెస్ మారితే హ్యాష్ సీడ్ (డిక్షనరీల్లాంటివాటి లోపలి అమరికను నిర్ణయించే యాదృచ్ఛిక అంకె), మెమరీ చిరునామాలు మారతాయి, వాటితో వేగమూ కాస్త మారుతుంది. చిన్న లాభమైతే ఆ తేడాలోనే కొట్టుకుపోతుంది.

లైనక్స్‌లో ముందు సుడోతో (అడ్మిన్ హక్కులతో) పైపెర్ఫ్ 'సిస్టమ్ ట్యూన్' ఆదేశం నడపండి. ప్రాసెసర్ వేగాన్ని ఉన్నట్టుండి పెంచే టర్బో బూస్ట్ ఆపి, ఆ వేగాన్ని నియంత్రించే గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌లో పెడుతుంది. పనయ్యాక 'సిస్టమ్ రీసెట్' మరవొద్దు. వర్చువల్ మెషీన్‌లో ఇందులో చాలావరకు పనిచేయదు.

అసలు ఇబ్బంది వరసలో ఉంది. పాత బిల్డు (మార్పుకు ముందు కంపైల్ చేసిన పైథాన్) మొత్తం నడిచాకే కొత్తది మొదలవుతుంది. రోహిణీ కార్తెలో ఒంగోలులో పొద్దున పాతది, మధ్యాహ్నం కొత్తది కొలిస్తే ఎండకు యంత్రం నెమ్మదించిన దెబ్బంతా కొత్తదాని ఖాతాలో పడుతుంది. మధ్యలో కరెంటు పోయి లాప్‌టాప్ బ్యాటరీ మీదికొస్తే ఇక చెప్పక్కర్లేదు. రెండు ఫలితాలను పోల్చే 'కంపేర్ టు' ఆదేశం మాత్రం టి-టెస్టు (తేడా యాదృచ్ఛికమా కాదా అని చూసే గణాంక పరీక్ష) చేసి ఆ తేడా నమ్మదగిందే అంటుంది. విరుగుడు: ప్రాసెస్‌లు 5కి తగ్గించి, పాతది, కొత్తది మార్చి మార్చి నాలుగేసి సార్లు నడపండి. 'అపెండ్' ఆప్షన్ ఇస్తే ఏ బిల్డు ఫలితాలు ఆ బిల్డు జేసన్ ఫైల్లోనే (ఫలితాలు దాచే ఫైల్లోనే) చేరతాయి.

ఇంత చేసినా పోల్చే రాయే తేడాగా ఉంటే ఏ కాటా పట్టుకోలేదు. పైథాన్ 3.14 కోసం 2025లో వచ్చిన టెయిల్-కాల్ ఇంటర్‌ప్రెటర్‌కు (ఆదేశాలను కొత్త పద్ధతిలో నడిపే ఇంటర్‌ప్రెటర్‌కు) పైపెర్ఫార్మెన్స్ అనే పైథాన్ వేగ పరీక్షల గుంపులో జ్యామితీయ సగటు మొదట 9 నుంచి 15 శాతం లాభం చూపింది. తీరా చూస్తే క్లాంగ్ 19 అనే కంపైలర్‌లోని లోపం వల్ల పాత ఇంటర్‌ప్రెటరే నెమ్మదించింది. సరిచేసిన అంకె 3 నుంచి 5 శాతం. అక్కడ కొలత తప్పు కాదు, పోలికకు పెట్టిన బిల్డు తప్పు. అందుకే ఫలితాలతోపాటు కంపైలర్ వెర్షన్, కాన్ఫిగర్ ఆప్షన్లు రాయనివాళ్ల పట్టికలు నేను చదవను. వీలైతే జీసీసీ అనే మరో కంపైలర్‌తో కూడా బిల్డు చేసి చూపండి.

ఇంకొక చిక్కు: మీ ప్రోగ్రాం చూసుకునే ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు (బయటి నుంచి ఇచ్చే సెట్టింగులు) పిల్ల ప్రాసెస్‌లకు వాటంతటవే చేరవు, 'ఇన్‌హెరిట్ ఎన్విరాన్'తో పేర్లు చెప్పాలి. ఇది తెలియక, వేరియబుల్‌తో మార్చాననుకుని రెండువైపులా ఒకే కోడ్ కొలిచి "తేడా ఏమీ లేదు" అని తేల్చేసేవాళ్లున్నారు.

నాలుగు స్టార్లు. బిల్డులను మార్చి మార్చి తనే నడిపే ఆప్షన్ వచ్చిన రోజు ఐదోది.